ఎడం చేతి సరుకు

మా మెట్ల మీద ఇప్పుడు ఏ వాసనా లేదు.

నిన్న సాయంత్రం దీపం పెట్టి కిందికి దిగుతుంటే ఈ సంగతి తెలిసింది. సగం మెట్లు దిగేసరికి అలవాటు చొప్పున కొంగు ముక్కుకి అడ్డం వచ్చేసింది. తీసి చూస్తే తడి సిమెంటు వాసన, వెనక వరసలో ఎవరో వేస్తున్న పోపు వాసన, అంతే. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవలసిన విషయం. ఈ వాసన పోవాలని నేను మొక్కని రోజు లేదు. తీరా మొక్కు తీరాక మాత్రం కొంగు చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

కింది క్వార్టర్లో బాబాయి గారు ఉండేవారు. మాకు చుట్టరికం ఏమీ లేదు. రుఆబాంధాలో, ఈ ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో, మా వరసలో తెలుగు మాట్లాడే ఇళ్ళు మాదీ ఆయనదీ మాత్రమే. ఆయనది విజయనగరం వైపు, మా మామగారిది శ్రీకాకుళం వైపు, ఆ పాటి దగ్గరతనానికి వరస కలిసిపోయింది. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పిల్లలు లేరు. పిన్నిగారు నేను కాపురానికి రాకముందే పోయారట. ఆయన జీవితం గురించి నాకు ఇంతకుమించి పెద్దగా తెలియదు. ఆయన పెంచిన ఫెర్రెట్ల గురించి మాత్రం ఒక ఆడమనిషికి తెలియకూడనంత తెలుసు.

ఫెర్రెట్ అంటే ముంగిసకి తమ్ముడిలా ఉంటుంది. మూరెడు ఒళ్ళు, బెత్తెడు కూడా లేని కాళ్ళు, కళ్ళ చుట్టూ దొంగకి కట్టినట్టు నల్లపట్టీ. చూడడానికి ముద్దుగా ఉంటుందని ఒప్పుకుంటాను. వాసన సంగతి వేరు. వాడిన నూనె మూకుడుని వారం రోజులు మూతపెట్టి, అందులో తేనె పోసి, ఆపైన తడిసిన కుక్కని ముంచి తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆయన మేనకోడలికి నెహ్రూ నగర్‌లో పెంపుడు జంతువుల దుకాణం ఉండేది. దాన్ని మూసేసినప్పుడు రంగుచేపలు, లవ్‌బర్డ్స్, కుందేళ్ళు అన్నీ అమ్ముడుపోయాయి. ఈ జంట మాత్రం మిగిలిపోయింది. బేరానికి వచ్చినవాళ్ళు పంజరం దాకా వచ్చి, రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగేవారట.

"నాకేటమ్మా, నా ముక్కు షట్‌డౌన్‌లో ఉన్నాది కదా," అన్నారు బాబాయి గారు, వాటిని తెచ్చిన రోజు. అలా అంటూ చూపుడువేలితో ముక్కు మీద తలుపు తట్టినట్టు తట్టుకున్నారు. అది ఆయనకి అలవాటు. "కోక్ ఓవెన్ల దగ్గర అన్నేళ్ళు చెక్కుచెదరని ముక్కు. కరోనా వచ్చి వారంలో పట్టుకుపోయింది. పోతే పోయింది. నాకు ముక్కు లేకపోబట్టే వీటికి ఇల్లు దొరికింది."

నా ముక్కు చక్కగా పనిచేస్తోంది మరి.

వాటికి పేర్లు పెట్టలేదు. ఒకటో నంబరు, రెండో నంబరు అన్నారు, కోక్ ఓవెన్ల వరసలకి, అంటే బ్యాటరీలకి, నంబర్లు ఉంటాయి కనక. కూరల సంచీలో వేసుకుని సాయంత్రం వాటిని షికారు తిప్పేవారు. సంచీ అంచు మీంచి రెండు మూతులు బయటికి ఉండేవి. పిల్లలు "నేవ్లా! నేవ్లా!" అని వెంటపడేవారు. నేవ్లా అంటే హిందీలో ముంగిస. ముంగిస ఎదురైతే శుభమని పక్క వరసలో ఒక ఛత్తీస్‌గఢీ ముసలమ్మ రోజూ గేటు దగ్గరకొచ్చి వాటికి దణ్ణం పెట్టేది.

"నేవ్లా నహీఁ మాజీ, ఫెర్రెట్," అని ఆయన సరిదిద్దేవారు.

"ఫేరే? కిస్కే ఫేరే?" అని ఆవిడ ఆశగా అడిగేది. ఫేరే అంటే పెళ్ళిలో అగ్ని చుట్టూ తిరగడం. ఎవరింట్లో పెళ్ళి అని ఆవిడ గొడవ.

"వీటివే పెళ్ళి, మీరు తప్పక రావాల," అని తెలుగులో చెప్పి, తలవంచి నమస్కారం చేసి ముందుకి సాగిపోయేవారు.

ఇంతవరకు నవ్వుకోవలసిన సంగతే. నా బతుకుని దుర్భరం చేసింది తరువాతది.

దుకాణం మూసినప్పుడు మిగిలిన ఎండు గుళికల బస్తా ఒకటి వాటితోపాటు వచ్చింది. పుట్టినప్పటినుంచి అవి తిన్నది ఆ గుళికలే. బస్తా సగానికి వచ్చాక మేనకోడలు చల్లగా చెప్పింది, ఆ గుళికలు ఇక రావని, తెచ్చిచ్చే మనిషే ఆ వ్యాపారం మానేశాడని. పిల్లుల గుళికలు కొని పెడితే మూతి కూడా ఆనించలేదు. అప్పుడు నేను ఒక సలహా ఇచ్చాను.

"పెరుగన్నం పెట్టండి బాబాయి గారూ. ఏ ప్రాణికైనా చలవ," అని నేనే మెత్తగా కలిపి గిన్నెలో పంపించాను. ఒకటో నంబరు కాస్త నాకింది.

మర్నాడు పొద్దున్న ఆయన ఎర్రబడ్డ కళ్ళతో మెట్ల కింద నిలబడ్డారు. "చార్జింగ్ బాగానే అయ్యిందమ్మా. పుషింగే రాత్రంతా ఆగలేదు."

కోక్ ఓవెన్లోకి బొగ్గు పోయడాన్ని చార్జింగ్ అంటారట, కాలిన కోక్‌ని బయటికి తోయడాన్ని పుషింగ్ అంటారట. ఆ ఇంట్లో ఈ రెండు మాటలూ ఆ జీవాల తిండికీ దొడ్డికీ వాడేవారు. ఆ పొద్దున్న నేను గుమ్మంలోంచే ఒక్కసారి లోపలికి చూశాను. గోడ మీద, దుప్పటి మీద, ఆయన బనీను మీద. చూసిన దృశ్యాన్ని ఇక్కడ రాయను. ఆ రోజు నేను పెరుగు ముట్టుకోలేదు.

దుర్గ్‌లో పశువుల డాక్టరు ఒకాయన తేల్చి చెప్పాడు. పాలూ అన్నం వీటికి విషం. ఇవి మాంసమే తినాలి, అది కూడా పచ్చిదే. వండితే ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది కాబట్టి ఎముకతో సహా పచ్చిగా పెట్టాలి. పస్తు పెట్టి దారికి తెద్దామంటే కుదరదు, పూట తిండి తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, పసితనంలో ఏ వాసనని తిండి అనుకుంటాయో జీవితమంతా అదే తిండి అనుకుంటాయి. ఇవి మాంసం తినే జాతిలో పుట్టాయి గాని, మాంసం తినే వస్తువని వీటికి తెలియదు. బస్తా అడుగంటేలోగా నేర్పాలి. నేర్చుకోకపోతే దక్కవు.

ఒకటో నంబరు తొందరగానే దారిలోకి వచ్చింది. రెండోదే మొండి. కోడి మాంసం ముక్క దగ్గర పెడితే, ఎవరో తనని అవమానించినట్టు వెనక్కాళ్ళతో దాని మీద గుడ్డపీలికలు కప్పేసి పోయేది. ఆయన మాంసం నీళ్ళు వేలితో దాని చిగుళ్ళకి రాసేవారు. అది వేలు కొరికేది. చేతికి ఎప్పుడూ ఒకటో రెండో వేళ్ళకి గుడ్డ చుట్టి ఉండేది.

ఇందులో నాకేం పని అంటే, ముక్కు. కిందటేడు ఆయన గ్యాసు కట్టేయడం మరచిపోతే మేడమీంచి పసిగట్టి కేకలు వేసింది నేనే. ఆ సంగతి ఆయన మరచిపోలేదు.

"ఒక్క సాయం చెయ్యాలమ్మా," అన్నారు ఒక పొద్దున్న. "నీసు ముట్టని మనిషివి, అడగకూడదు. తెచ్చింది ఫ్రిజ్‌లో పెడతాను. మర్నాటికి అది బాగున్నాదో పాడైపోయిందో నాకు తెల్దు. పాడైంది తింటే పోతాయట. నువ్వు ఒక్కసారి వాసన చూసి చెప్పీ. ముట్టుకోవద్దు, దూరం నుంచే."

"రామ రామ! ఏటి బాబాయి గారూ, పొద్దున్నే నా గడప మీద మాంసం మాటా?"

"పోనీ ఆ మాట అనను. రా మెటీరియల్ అంటాను. ప్లాంటుకి రా మెటీరియల్ రాకపోతే నడవదు కదా, అలాగే."

కాదనలేకపోయాను. దానికి కారణం పువ్వులు. కింది పెరట్లో ఆయన పెంచిన మందారాలు ఏళ్ళ తరబడి నా పూజకి వచ్చేవి. తెల్లారేసరికి మా పై మెట్టు మీద వెదురుబుట్టలో ఉండేవి. పెట్టిన మనిషి కనిపించడు. రాత్రి దీపం దగ్గర కూర్చుని ఆ రోజు అందినవన్నీ తలుచుకుని దణ్ణం పెట్టుకోవడం నాకు చిన్నప్పుడు మా నాన్న నేర్పిన అలవాటు. జబ్బుమనిషినని నన్ను బడికి పంపలేదు. చదువూ దైవచింతనా రెండూ ఇంట్లో నాన్న దగ్గరే. కుళాయి నీళ్ళు వచ్చాయని, మా వారు దుకాణం నుంచి క్షేమంగా వచ్చారని, పువ్వులు వచ్చాయని చెప్పుకుంటూ పోతాను. అన్నాళ్ళు పువ్వుల పేరు చెప్పుకున్న నోటితో కాదని ఎలా అనను?

నా భయం ఆయన నాకన్నా ముందే కనిపెట్టారు. "పువ్వులు కుడిచేత్తో కోస్తాను. సరుకు ఎడం చేత్తోనే ముట్టుకుంటాను. కలవనివ్వనమ్మా," అని ఒట్టు వేసినట్టు చెప్పారు.

ఆ మాట నిలబెట్టుకున్నారు. రోజూ నా పూజ అయ్యాక మెట్ల కింద నిలబడేవారు, స్టీలు డబ్బా ఎడం చేతిలో, కుడిచెయ్యి లాల్చీ జేబులో. డబ్బా తెరవడానికి కూడా కుడిచెయ్యి తీసేవారు కాదు. మూతని గడ్డంతో నొక్కి, బొటనవేలితో ఎత్తేవారు. నేను రెండు మెట్లు పైన ఆగి ముందుకి వంగేదాన్ని.

అందులో ఏం ఉండేదో రాస్తే గాని ఆయన నాచేత ఏం చేయించారో తెలియదు. కోడి మెడలు ఉండేవి, తోలు వలిచినవి, వేలిలా వంగి. గుండెకాయలు, కార్జాలు, తెల్లటి జిడ్డు పూసిన కందనకాయలు. అడుగున పలచటి గులాబీరంగు నీళ్ళు. ఒకటి కదిలితే అన్నీ కదిలేవి. తాజాగా ఉన్నప్పుడు తడి ఇనుము వాసన. మర్నాటికి తియ్యటి వాసన ఒకటి మొదలవుతుంది, అది ఇంకా అన్యాయం, ఎందుకంటే తీపి అంటే మనకి మంచిదని కదా. ఆ తరువాత పులుపు.

"పాసా, రిజెక్టా?" అని అడిగేవారు, ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ వాళ్ళని అడిగినట్టు.

"పాస్," అని ఒక్క పరుగున పైకి వెళ్ళి రెండోసారి స్నానం చేసేదాన్ని. చలికాలంలో కూడా.

కర్పూరం, తులసి, సాంబ్రాణి. దేవుడు ముక్కు ఇచ్చింది వీటి కోసమని అనుకుంటూ పెరిగాను. ఇప్పుడు కర్పూరం వెలిగించినా దాని వెనక సన్నగా ఇనుము వాసన వచ్చేది. రాత్రి తలుచుకునేటప్పుడు పువ్వుల దాకా వచ్చి ఆగిపోయేదాన్ని. ఆ డబ్బాకి కృతజ్ఞత చెప్పడం నాకు చేతకాలేదు.

వాటికి ఇంకో గుణం ఉంది. తిన్నంత తిని మిగిలినది దాచుకుంటాయి. అలమరా వెనక, రేడియో వెనక, ఆయన ప్లాంటు బూట్లలో. ముక్కు లేని మనిషి ఇంట్లో అవి ఎక్కడ దాచినా అడిగేవాడు లేడు. "ఎక్కడో దాచీసిందమ్మా, కాస్త పసిగట్టు," అని పిలిచేవారు. నేను గుమ్మంలో నిలబడి, ఒక్కసారి పీల్చి, "ఆ బూట్లో," అనేదాన్ని. ఒకసారి ఆయన ఆ బూటు బోర్లించి దులిపితే కిందపడ్డ ముక్క మీద ఎవరో బియ్యం చల్లారనుకున్నాను. ఆ బియ్యం కదిలింది.

అంతకన్నా ఘోరం కార్తీకంలో జరిగింది.

ఆ పొద్దున్న ఒకటో నంబరు ఆయన వెనకే మెట్లెక్కి వచ్చిందన్న సంగతి ఆయనకీ తెలియదు. నేను తలస్నానం చేసి, తడిబట్టతో బుట్ట తెచ్చుకుని దేవుడి ముందు కూర్చున్నాను. పేరు తలుచుకుంటూ ఒక్కొక్క మందారం తీసి పెడుతున్నాను. కళ్ళు మూసుకునే ఉన్నాను. నాలుగో పువ్వుకో ఐదో పువ్వుకో చేతికి చల్లగా, జారుగా, గుండ్రటి గట్టి పూసలు దండ గుచ్చినట్టు ఏదో తగిలింది. తీసి దేవుడి పాదాల దగ్గర దాకా తీసుకెళ్ళాను కూడా. కళ్ళు తెరిచాను. కోడి మెడ.

నేను అరిచిన అరుపుకి మా వారు గడ్డం సబ్బుతో పరుగెత్తుకొచ్చారు. నేను వరండా తూము దగ్గర పేగులు నోట్లోకి వచ్చేలా కక్కుతున్నాను. ఆ రోజంతా దేవుడి గది కడిగాను, పటాలు తుడిచాను, పసుపునీళ్ళు చల్లాను. కుడిచేతి వేళ్ళని చింతపండుతో తోమాను, రాగి చెంబు తోమినట్టు.

సాయంత్రం మా వారు కిందికి వెళ్ళి చెప్పారు. "బాబాయి, ఇంక మా ఇంటిదానివల్ల కాదు. డబ్బా, పువ్వులు, రెండూ వద్దు."

"వద్దు, వద్దు. ఎలాగ అవుతాది? తప్పు నాదే," అని మాత్రం అన్నారట.

కాసేపటికి మెట్ల మీద చీపురు చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఆయన ఫినాయిల్‌తో మెట్లు కడుగుతున్నారు. ఎంత పోశారో ఆయనకి తెలియదు కదా. పోస్తూ, వంగి పీల్చి చూస్తూ, ఏమీ తెలియక మళ్ళీ పోస్తూ ఉన్నారు. మా వరసంతా కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు, "అంకుల్, బస్! బస్ కీజియే!" అంటూ, ఇక చాలించమని. మరో నాలుగు రోజులు ఆ మెట్లు ఆసుపత్రిలా కంపు కొట్టాయి. నాకు అదే సుగంధం అనిపించింది.

ఆ నాలుగు రోజులూ పై మెట్టు మీద బుట్ట లేదు. పూజకి బజారు చామంతులు తెప్పించుకున్నాను. ప్రశాంతంగా ఉండవలసింది. ఉన్నానని కూడా అనుకున్నాను.

ఐదో రోజో ఆరో రోజో పొద్దున్న బట్టలు ఆరేస్తూ వరండాలోంచి కిందికి చూశాను. పెరట్లో మందారం చెట్టు పక్కన బాబాయి గారు ముక్కాలిపీట మీద కూర్చున్నారు. ఒళ్ళో ఆ స్టీలు డబ్బా. దాన్ని ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు. తీసి చూశారు. మళ్ళీ పీల్చారు. చిన్నపిల్లలు పాఠం రాకపోతే అదే అక్షరం మీద వేలు పెట్టుకుని కూర్చున్నట్టు ఉన్నారు. చివరికి ఎడం చేత్తో ఒక కార్జం ముక్క తీసి, అటూ ఇటూ చూసి, నాలుక చివర పెట్టుకున్నారు.

"ఛీ! ఛీ! బాబాయి గారూ!"

నా చేతిలోని దుప్పటి కింద పడింది. మెట్లు ఎలా దిగానో తెలియదు. "ఉమ్మండి! ముందు ఉమ్మండి! ఏటిది? మనిషేనా మీరు?" అని అరిచాను. పెద్దవారిని ఎప్పుడూ అంత మాట అనలేదు.

ఆయన ఉమ్మేసి, సిగ్గుపడుతూ లాల్చీ అంచుతో పెదాలు తుడుచుకున్నారు. "పులుపు నాలిక్కి తెలుస్తాదమ్మా. ముక్కుకే తెలీదు. అందుకని..."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన డబ్బా మూత వెతుక్కున్నారు. పెదవుల చివర ఎర్రటి చార ఒకటి మిగిలిపోయింది. జాలేసిందని రాస్తే బాగుంటుంది గాని, ముందు వేసింది అసహ్యమే. ఆ అసహ్యంతోనే చెయ్యి చాపాను.

"ఇటివ్వండి."

వాసన చూశాను. "రిజెక్ట్," అన్నాను. ఆయన తలూపి, మొత్తం తీసుకెళ్ళి గొయ్యి తీసి పాతిపెట్టారు.

అప్పుడే బస్తా చూపించారు. అడుగున చారెడు గుళికలు, మిగతాదంతా పొడి. రెండో నంబరు ఇంకా మాంసం ముట్టలేదు. సంచీలోంచి దాన్ని ఎత్తి చూపించారు. నడుము దగ్గర ఎముక చేతికి తగులుతోంది. "ఇది అయిపోతే ఇంక ఇదీ అయిపోతాదమ్మా," అన్నారు. నవ్వడానికి చూశారు. కుదరలేదు.

ఇంత దూరం వచ్చాక ఇంకేం మడి అనుకుని బస్తాలోకి కూడా తల పెట్టి పీల్చాను. ఎండుచేపా, వేయించిన సెనగపిండీ కలిసిన వాసన. పక్కనే మాంసం డబ్బా వాసన ఉంది కదా, రెండిటికీ ఎక్కడా పొత్తు లేదు. దాని అన్నం వాసన ఇది. మనం పెడుతున్నది ఇంకేదో. అంతే సంగతి. నాకు తెలిసింది వంటిల్లు కాబట్టి వంటింటి మాటే వచ్చింది.

"బాబాయి గారూ, బజ్జీ వేసినట్టు వెయ్యండి."

"ఏటీ?"

"అరటికాయ ముక్కకి పిండి పట్టిస్తాం కదా. అలాగే ఈ పొడి తడిపి ముక్కకి దళసరిగా పట్టించండి. పైన దాని అన్నం వాసన ఉంటుంది. రోజురోజుకీ పూత పలచన చెయ్యండి."

ఆయన నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఓరి నాయినోయ్," అన్నారు మెల్లగా. "అంత తెలివి ఈ ముక్కులో ఉన్నాదేటి?"

మొదటి రోజు రెండో నంబరు ఆ పూత నాకి ముక్క వదిలేసింది. రెండో రోజూ అంతే. తరువాత ఒక పొద్దున్న నేను పారాయణలో ఉండగా కింద నుంచి కేక.

"అమ్మా! ఎముకా! ఎముక కూడానమ్మా! వచ్చి విను, వచ్చి విను!"

వెళ్ళాను. పంజరం ముందు ఆయన నేల మీద బోర్లా పడుకుని చెవి ఒగ్గి ఉన్నారు. రెండో నంబరు కోడి రెక్క ముందుకాళ్ళతో నొక్కిపట్టి, తల పక్కకి వంచి నములుతోంది. పటుక్, పటుక్. అప్పడం విరిచినట్టు. మధ్యమధ్య ఎముకలోంచి ఏదో పీల్చుకున్న చప్పుడు. నాకు ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి, ఆ చప్పుడు ఏదో కచేరీ అయినట్టు.

ఆ ఏడాది మా ఇంట్లో బజ్జీలు లేవు, అప్పడాలు లేవు. మా వారు ఇప్పటికీ దెప్పుతారు.

మర్నాడు పై మెట్టు మీద బుట్ట మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్కొక్క పువ్వూ వేరువేరుగా, అడుగు కనిపించేలా పేర్చి ఉంది.

ఈ ఎండాకాలం చివర్లో బాబాయి గారు పోయారు. పొద్దున్న కూలర్ ముందు మంచం మీద కునుకు తీసినవారు లేవలేదు. నేను బుట్ట తిరిగి ఇవ్వడానికి వెళ్ళి చూశాను. లాల్చీలో దూరి పడుకున్న రెండో నంబరు మెడ దగ్గర నుంచి తల బయటపెట్టి నన్ను చూసింది. మధ్యాహ్నానికే తీసుకుపోవాలన్నారు, ఎండలు అలాంటివి. వచ్చినవాళ్ళు గేటు బయటే నిలబడ్డారు, ముక్కులకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని. చనిపోయిన మనిషి గురించి గుసగుసలాడుకోవడానికి ఆ వాసనే సరిపోయింది వాళ్ళకి. నాకు కోపం వచ్చింది. నా కొంగు కూడా నా ముక్కు దగ్గరే ఉందని తరువాత చూసుకున్నాను.

మగవాళ్ళంతా శ్మశానానికి వెళ్ళారు, మా వారు కూడా. ఇంట్లో నేనూ, ఆయన మేనకోడలూ మిగిలాం. కర్మ అయ్యాక ఆ జంటని తనింటికి తీసుకుపోయింది ఆ పిల్లే. పంజరంలో రెండూ గోలగోలగా తిరుగుతున్నాయి. పొద్దున్నుంచి తిండి లేదు. ఆ పిల్ల ఫ్రిజ్ తెరిచి స్టీలు డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, దానికి తెలుగు అంతంతమాత్రం.

"దీదీ, యే ఠీక్ హై క్యా? బాగుందా? ఏడ్చి ఏడ్చి నా ముక్కు బంద్ అయిపోయింది. నాకేం తెలీట్లేదు."

డబ్బా నా ముందు పెట్టింది. అడుగుతున్నది ఎవరైనా ప్రశ్న ఒకటే. వంగి చూశాను. పులుపు అప్పుడే మొదలైంది.

"రిజెక్ట్," అన్నాను.

"అబ్ క్యా కరేఁ? ఇప్పుడెలా? నేను ఇల్లు వదిలి వెళ్ళకూడదు కదా."

ఆ పిల్ల నావైపు చూడలేదు. నన్ను అడగాలన్న ఆలోచన కూడా దానికి లేదు. పంజరం వైపు చూసింది. రెండో నంబరు ఖాళీ గిన్నెని మూతితో తోస్తోంది, చప్పుడు చేస్తూ.

సెక్టరు మార్కెట్లో కూరల వరస చివర ఉన్న ఆ కోళ్ళ దుకాణం ముందునుంచి నేను ఎప్పుడూ నడవలేదు. అవతలివైపు నుంచి చుట్టుతిరిగి వెళ్ళేదాన్ని. ఆ సాయంత్రం దాని ముందు నిలబడ్డాను. జాలీ పెట్టెల్లో కోళ్ళు ఒకదాని మీద ఒకటి. నేలంతా తడి ఈకలు, చెప్పు ఎత్తితే అంటుకుని వస్తున్నాయి. మొద్దు మీద రక్తం పాతదీ కొత్తదీ కలిసి నల్లగా మెరుస్తోంది. ఈగలు నా పెదాల దాకా వచ్చాయి.

"క్యా చాహియే, దీదీ?"

ఏం కావాలని అడుగుతున్నాడు. ఏ భాషలోనూ ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. చివరికి వచ్చిందొక్కటే.

"రా మెటీరియల్."

కత్తి ఆగింది. ఆ మనిషి తల ఎత్తాడు. "అరే! అంకుల్‌వాలా రా మెటీరియల్?" అని నవ్వాడు. అంటే ఇక్కడ కూడా ఆయన ఆ మాటే అనేవారన్నమాట. "ఆజ్ అంకుల్ నహీఁ ఆయే?" ఇవాళ ఆయన రాలేదేం అని.

"గుజర్ గయే," అన్నాను. పోయారు అని.

అతను కత్తి కింద పెట్టాడు. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకున్నాడు, చాలాసేపు. తరువాత నన్ను పరీక్షగా చూశాడు. "ఆప్ ఊపర్‌వాలీ దీదీ హైఁ క్యా? పాస్ కర్నేవాలీ?" మేడమీద ఉండే, పాస్ చేసే దీదీవా నువ్వు అని. నేను తలూపాను. ఆయన రోజూ అనేవారట: మంచిది ఇయ్యి భయ్యా, మా ఇన్‌స్పెక్షన్ బహుత్ కడక్, చాలా గట్టిగా ఉంటుంది, రిజెక్ట్ అయితే నా పరువు పోతుంది.

ఇంకేమీ అడగలేదు. మెడలు, గుండెకాయలు, కార్జం, రెక్కలు, అన్నీ ఆయనకి ఇచ్చినట్టే ఇచ్చాడు. కవరులో వేసి, మూతి కట్టకుండా, రెండు చేతులా విప్పి నా ముఖం ముందు పట్టుకుని ఆగాడు.

వేడి ఇంకా పోలేదు. తడి ఇనుము వాసన గుప్పున ముఖం మీదికి కొట్టింది. నేను వంగి, ఒకసారి, నిండుగా పీల్చాను.

"పాస్," అన్నాను.

ఎడం చేత్తో కవరు అందుకున్నాను. నాలుగడుగులు వేసి, కాలవ పక్కన గోడ పట్టుకుని, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. కవరు మాత్రం కింద పెట్టలేదు.